ఐదో ప్రయత్నం

హారో క్రీక్, మిన్నెసోటా
1978 నవంబరు 30, గురువారం

చిరకాల మిత్రుడు లైల్ బ్రాటెన్‌కు నార్బర్ట్ నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మా ఆవిడ ఆర్డిస్సూ క్షేమం. అక్కడ నువ్వూ, మీ ఆవిడా, నీ జట్టు పిల్లలూ క్షేమమని తలుస్తాను. పలకరింపు అయింది కాబట్టి అసలు సంగతికొస్తాను. ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. నవ్వకు, లెక్కపెట్టుకునే చెబుతున్నాను.

మూడు వారాలుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వెల్డింగ్ షాపు తెరుస్తాను, మంట వెలిగిస్తాను, ఆర్పేస్తాను, రోడ్డు చివరిదాకా నడిచి మళ్లీ వస్తాను. ఆర్డిస్‌కి విసుగొచ్చి, ఆ తిరిగేదేదో చీపురు పట్టుకుని తిరగమంది. కెఫేకి పోదామంటే అక్కడింకో బాధ. మావిస్ నాకు కాఫీ పోసినప్పుడల్లా ఇది మూడో కప్పా, నాలుగోదా, ఐదోదా అని అడుగుతుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతారు. తమ కాలేజీ గెలిచిందన్న సంతోషం కన్నా నన్ను ఏడిపించే సంతోషమే వీళ్లకి ఎక్కువైపోయింది. ఎవరో పోస్టులో చిన్నపిల్లలు లెక్కలు నేర్చుకునే పూసల చట్రం పంపారు. పేరు లేదు గానీ ముద్ర మీ ఊరిది. నువ్వు కాదులే. నువ్వయితే పేరు రాసే పంపుతావు.

ఈ ఫుట్‌బాల్ సీజను సంగతి నీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్పాలనిపిస్తోంది. సెప్టెంబరు ఎండలో మొదటి ఆటే నీ జట్టు ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడింది. మన బఫెలో రిడ్జ్ కాన్ఫరెన్స్ ఎనిమిది కాలేజీల్లో మీ సెయింట్ ఆల్డెన్‌ది ఎనిమిదో స్థానమేనని పేపర్లో రాశారు. తర్వాత వరసగా ఆరు గెలిచారు. అందులో మూడింటికి లైన్స్‌మన్‌గా గీత మీద నిలబడింది నేనే. అక్టోబరులో ఆ బురద ఆట గుర్తుందా? నీ పిల్లల చొక్కాల మీద నంబర్లు కనపడక, నడకని బట్టి గుర్తుపట్టాను. లైన్స్‌మన్‌కి పక్షం ఉండకూడదు, నిజమే. కానీ ఇంటికెళ్లాక, లైల్ వీళ్లని నిజంగా జట్టుగా చేశాడే అని ఆర్డిస్‌తో అన్నాను.

ఇక నవంబరు పదకొండు, మా ఊళ్లో మా కాలేజీతో మీ ఆఖరి ఆట. ఏ ఊరివాడు ఆ ఊరి ఆటకి గీత మీద నిలబడకూడదని మన రూలు. ఆరోజు రావలసినవాడు మంచులో ఇరుక్కుపోయాడు. ఇద్దరు కోచ్‌లూ ఒప్పుకుంటే నన్ను పెట్టుకోవచ్చన్నారు. నిన్నడిగితే, నార్బ్ అయితే చాలు, వాడు వాళ్లమ్మ తప్పు చేసినా జెండా విసురుతాడు అన్నావట. ఆ మాట నాకు రెఫరీ చెప్పాడు. అంత నమ్మినవాడివి నువ్వు. అందుకే నాకు ఇంత మంట.

ఈ ఆటలో కష్టమైన లెక్కేం లేదు. బంతి చంకలో పెట్టుకుని ముందుకు దూరడానికి వాళ్లకి నాలుగు ప్రయత్నాలు, నాలుగూ ఆపితే బంతి మీది. చివరి రెండు నిమిషాలు, మీరు మూడు పాయింట్లు ముందున్నారు, బంతి మీ గోలు గీతకి నాలుగు గజాల్లో, మా వాళ్ల చేతిలో. గెలిచినవాళ్లదే టైటిలు. మొదటిది ఆపారు. రెండోది ఆపారు. మా కుర్రాడొకడు మోకాలు పట్టుకుని పడిపోయాడు. స్ట్రెచరు వచ్చి వెళ్లేసరికి ఎనిమిది నిమిషాలు. గాలి కోసేస్తోంది.

నా వేళ్ల మీది రబ్బరు బ్యాండు సంగతి నీకు తెలుసు. మొదటి ప్రయత్నానికి చూపుడు వేలు, రెండోదానికి నడిమి వేలు, మూడోదానికి ఉంగరం వేలు, ఆఖరిదానికి చిటికెన వేలు. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పని. ఆ ఎనిమిది నిమిషాల్లో వేళ్లు కొయ్యబారిపోయి బ్యాండు జరపడం మరిచాను. అంతే. నీ పిల్లలు నాలుగోది కూడా ఆపి ఎగిరి గంతులేస్తుంటే, ఇంకొకటి ఉందని నేను చెయ్యెత్తాను. ఆ ఐదోదానితో మా వాళ్లు లోపలికి దూరారు.

ఆట అయ్యాక చెయ్యి చాచాను. నువ్వు నా చెయ్యి చూసి, "నాలుగు దాకా లెక్కపెట్టలేనివాడికి ఐదు వేళ్లు ఎందుకురా?" అన్నావు. పదిహేనేళ్ల వయసు నుంచి పక్కపక్కన నిలబడి ఆడినవాళ్లం. నీ నోటి నుంచి అంత మాట ఎప్పుడూ వినలేదు. పడ్డాను. పడాల్సిందే.

ఫలితం మారదన్నారు, సరే. వచ్చే మంగళవారం కాన్ఫరెన్స్ వాళ్లు కూర్చుని నన్ను లైన్స్‌మన్ల జాబితాలోంచి తీసెయ్యాలా అని తేలుస్తారు. నీ ఫిర్యాదు కాపీ నాకు పంపారు. ఒక్క అక్షరం కాదనను. తప్పు నాదేనని సంతకం చేసి పంపేశాను. తీసేస్తే తీసేస్తారు. శనివారాలు ఏం చెయ్యాలో తెలియక ఆర్డిస్ ప్రాణం తీస్తాను, అంతకన్నా ఏమవుతుంది. కాదు, అబద్ధం ఎందుకు, చాలానే అవుతుంది. ఆ చారల చొక్కా లేకుండా నేనెవరో నాకే సరిగ్గా తెలియదు.

ఒక్కటి అడుగుతాను. నీ ఫిర్యాదులో "లైన్స్‌మన్, అతని గొలుసు పట్టే మనుషులు" అని ఉంది. ఆ రెండో ముక్క కొట్టేయించు. గజాలు కొలిచే ఆ గొలుసు పట్టేవాళ్లు ఊరివాళ్లు, ఊరికే వచ్చి చలిలో నిలబడేవాళ్లు. ఎన్నో ప్రయత్నమో చూపే నంబరు బోర్డు పట్టుకునేది మన ఆల్విన్ గారు. హైస్కూల్లో కోచ్‌గా మనిద్దరికీ బూటు లేసు కట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి. వాళ్లు నేను చెబితే తిప్పుతారు, చెప్పకపోతే తిప్పరు. తప్పు గీత దగ్గరే ఆగాలి. ఇంతకాలం స్నేహానికి ఈ ఒక్క పని చెయ్యి. తర్వాత నాతో మాట్లాడకపోయినా సరే.

మీ ఆవిడకి మా ఇద్దరి నమస్కారాలు. ఈసారి చలి గట్టిగా ఉండేలా ఉంది, కారు జాగ్రత్త.

ఇట్లు,
నీ చేత తిట్లు తిన్నా నీ స్నేహితుణ్ణే అనుకునే
నార్బర్ట్ స్కోగెన్

తాజా కలం: శుక్రవారం ఉదయం. కవరు అంటించాక చించాను. ఆర్డిస్ తిట్టింది, కవరు కోసం కాదు, అబద్ధం పోస్టు చేస్తున్నందుకు.

నేను బ్యాండు మరవలేదు లైల్. నాలుగోది మొదలయ్యేసరికి అది చిటికెన వేలి మీదే ఉంది. నీ పిల్లలు ఆపారు, నేను చూశాను, బంతి మీదని చెప్పబోతూ అలవాటు కొద్దీ బోర్డు వైపు చూశాను. ఆల్విన్ గారు మూడు చూపిస్తున్నారు. ఆ స్ట్రెచరు వచ్చినప్పుడు ఆయన తిప్పలేదు. ఇరవై రెండేళ్లలో ఆ బోర్డు ఒక్కసారి తప్పింది లేదు. నా వేలిని కాదని ఆయన్ని నమ్మాను. నువ్వయినా అదే చేసేవాడివి.

బోర్డు ఎందుకు తిప్పలేదండీ అని మర్నాడు అడిగితే, ఏ బోర్డురా అన్నారు. అప్పుడే అర్థమైంది నాకు. ఆ మాట మంగళవారం నలుగురి ముందు రావడం ఇష్టంలేక తప్పు నా మీద వేసుకున్నాను.

ఈ పొద్దున ఏడింటికి షాపు తలుపు కొట్టారు. టోపీ, చేతి తొడుగులు, చంకలో బోర్డు. ఆటకి టైమవుతోంది పద అన్నారు. ఇవాళ శుక్రవారం, సీజను అయిపోయిందన్నాను. షాపులోకి తొంగిచూసి, "లైల్ ప్రాక్టీసుకి వచ్చాడా? వాడికి బూట్లు బిగుతయ్యాయి, కొత్తవి తెచ్చిపెట్టాను" అన్నారు. లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఇది రాస్తుంటే ఎదురుగానే ఉన్నారు, నీ కోసం కిటికీలోంచి చూస్తున్నారు. ఆయనకి పెళ్లాం లేదు, పిల్లలు లేరు, మనిద్దరమే. నామీద కోపం అలాగే ఉంచుకో, ఒక్కసారి రా.