ముందు వరస కంకులు

ఏప్రిల్ 12

ఈ చలికాలం మంచు పడలేదు. ఇసుకలో మూరెడు తవ్వితే గానీ తడి తగలడం లేదు.

చెట్ల వలయాలు లెక్కపెట్టే ఇంగ్రిడ్ అనే అమ్మాయి మళ్లీ వచ్చింది. పాత ఇళ్ల దూలాలకు సన్నని బెజ్జం వేసి, పుల్లలాంటి ముక్క బయటికి లాగుతుంది. వాన పడిన ఏడు వలయం వెడల్పట. పడని ఏడు వెంట్రుకంతట. ఏడువందల ఏళ్ల కిందట ఇరవై ఏళ్లకు పైగా అన్నీ వెంట్రుకలే అంది.

అక్క వెర్లా నవ్వింది. దానికి దూలాన్ని అడగాలా తల్లీ, మా అమ్మమ్మనడిగినా చెప్పేది, ఆ కరువులోనే మావాళ్లు కొండగూటి ఇళ్లు వదిలి ఇటొచ్చారు, కుండలు కూడా అక్కడే వదిలేశారు, విత్తనం మాత్రం వదల్లేదు, అంది. మొక్కజొన్నల గదిలోకి తీసుకెళ్లి, వెనక వరస నుంచి ఒక నీలం కంకి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇదిగో, అదే ఇది, అంది.

ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 13

అది అది కాదు.

ఏప్రిల్ 15

నోటితో చెప్పలేను. మాటల మనిషిని కాను. రాస్తాను.

మూడేళ్ల కిందట వసంతంలో నా నడుము పట్టేసింది. మన గింజను మోచేతి లోతున, తడి ఉన్న చోట పెట్టాలి. నేను నాటుకర్రను నాలుగు వేళ్ల లోతుకే దించి, విత్తనమంతా నాటేశాను. మొలకలన్నీ లేచాయి, వారంలో మాడిపోయాయి. అక్కకు కాకులు కొన్ని పీకేశాయని, మిగతావి బాగున్నాయని చెప్పాను. ఆవిడ కాకుల్ని తిట్టింది, నాకు కాఫీ ఇచ్చింది.

గదిలోంచి మళ్లీ విత్తనం తీస్తే అక్కకు తెలిసిపోతుందని, మర్నాడు పట్నం పోయి, కొట్లో నీలం మొక్కజొన్న విత్తనాల సంచి కొన్నాను. పైపైన నాటి, పికప్‌లో పీపాలతో నీళ్లు మోసి బతికించాను. వాన తడి తప్ప ఎరగని మన పొలంలో నీళ్లు మోసి పోయడం! ఆ తర్వాతి రెండేళ్లూ ఆ పంట గింజే నాటాను, మళ్లీ పీపాలే. అక్కకు కాళ్లు సాగవు, పొలానికి రాదు. చూపు మసక. రెండింటి రంగూ ఒకటే.

మా ఇంటి కట్టుబాటు: పాత మొక్కజొన్న ముందు వరసలో, కొత్తది వెనక. ముందుది తినాలి, వెనకది విత్తనానికి ఉంచాలి. కరువొస్తే అని పెద్దలు పెట్టారు.

ఇప్పుడు ముందు వరస ఒక్కటే అసలుది, నేను చెడగొట్టక ముందు పండింది. అంటే రోజూ మేం అసలుది తింటున్నాం. దొంగది దాస్తున్నాం.

ఏప్రిల్ 17

అక్క నీలం పిండితో పీకి అనే మా రేకుల రొట్టె చేసింది. ఒక్కో రేకు కాగితంలా ఉంది. కడుపు బాగాలేదని లేచి వెళ్లిపోయాను.

ముందు వరసలో నలభై ఆరు కంకులు.

ఏప్రిల్ 21

మళ్లీ తినలేదు. మర్టిల్ అత్త వచ్చింది. నాకంటే పన్నెండేళ్లు చిన్నది, కానీ మా నాన్న వంశం పిల్ల, కాబట్టి అత్తే. మాలో మేనల్లుడితో సరసాలాడే హక్కు అత్తది. ఏరా నా ముసలి మొగుడా, తిండి మానేశావట, ఎవత్తె మీద పడింది మనసు, ఆ దూలాల పిల్ల మీదేనా, దాని జుట్టు పీకి చేతిలో పెడతాను చూడు, అంది. అక్క కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది.

ఏప్రిల్ 24

పాత పొయ్యి గొట్టాలు రెండు తెచ్చి తడి ఇసుక నింపాను. ఒకదాంట్లో ముందు వరస గింజ, ఒకదాంట్లో వెనక వరస గింజ. రెండూ మోచేతి లోతున. ఏది పైకి లేస్తుందో చూడాలని పాక వెనక పెట్టాను.

మే 4

అక్క వెనక వరసలోంచి విత్తనం పంచింది. ఎనిమిది ఇళ్లకు. పోయినేడు వాళ్ల పంటలు పోయాయి. ఇది ఎండకు జడిసే గింజ కాదు, లోతుగా పెట్టుకోండి, అని ఒక్కొక్కరికీ చెప్పింది. సంచులు మోసింది నేనే.

ముందు వరస: పంతొమ్మిది.

మే 6

ముందు వరస గింజ లేచింది. రెండో గొట్టం బోర్లించాను. మొలక గింజ నుంచి నాలుగు వేళ్లు వచ్చి, ఇసుకలోనే ముడుచుకుని కుళ్లింది.

మే 7

అక్క నూరే బండ ముందు కూర్చుని కంకి ఒలుస్తోంది. ఆవిడ చేయి పట్టుకున్నాను. నా పెళ్లిలో తప్ప ఎవరి చేయీ అలా పట్టుకోలేదు. కాకులు కాదక్కా, అన్నాను. మిగతాది ఎలా చెప్పానో తెలియదు.

ఆవిడ బండ మీద నలగని గింజలు వేళ్లతో తడిమి ఒక్కొక్కటే ఏరింది. తర్వాత, ఆ కొండగూటి ఇళ్లలో పిల్లలు ఆకలితో ఏడుస్తున్నా విత్తనం ముట్టలేదురా తమ్ముడూ, నాకు రోజూ దాన్నే తినిపించావు, అంది. ఎనిమిది ఇళ్లకూ నువ్వే పో, నీ నోటితోనే చెప్పు, అంది.

మే 8

పోయాను. ఏడు ఇళ్లలో ఏదో ఒకటి అన్నారు. ఒకాయన సంచి నా కాళ్ల మీద పడేశాడు. అదంతా తట్టుకున్నాను.

చివర మర్టిల్ అత్త ఇల్లు. సంచి తెచ్చి ఇచ్చింది. నా వంక చూడలేదు. ఒక్క సరసం ఆడలేదు. తలుపు మెల్లగా వేసింది.

మే 16

పదిహేడు కంకులు, బండ మీద ఏరిన గుప్పెడు. ప్రతి ఇంటికీ రెండేసి. మాకు ఒకటి, ఆ గుప్పెడు. నాటాను, మోచేతి లోతున, మోకాళ్ల మీద కూర్చుని. నడుము సంగతి రాయను.

మే 30

ఇసుక పగిలింది. పద్నాలుగు చోట్ల మొలక తలెత్తింది. రాయి మీద కాకి కూర్చుని ఉంది. టోపీ తీసి, తప్పయిందని దానికీ చెప్పాను.