కాకి తన్నిన వార్తలచెక్క

1940 జూలై 1, సోమవారం. గద్వాల.

ఉదయం 6. తలస్నానం. జములమ్మ తల్లికి దండం. ఒట్టు!

ఈ రోజు నుంచి నలభై రోజులు మా బడి గోడకు ఆనించిన నల్లచెక్క మీద రోజుకొక వార్త రాస్తాను. నిజం తప్ప మరొకటి రాయను. శుక్రవారం బడికి సెలవు, వార్తకూ సెలవు.

కారణం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, రేపు బద్ధకం వస్తే చదువుకోవడానికి. పోయినేడు చదువుల శాఖ తాలీమ్ ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చి, పదిహేడు మంది పిల్లలను చూసి, "ఈ బడికీ వీధికీ సంబంధం లేదు. వచ్చేసారికి ముప్పై మంది లేకపోతే ఇజాజత్ రద్దు" అని రాసి పోయాడు. మాది సర్కారు బడి కాదు, ఖాంగీ బడి. ఇజాజత్, అంటే సర్కారు అనుమతి, పోతే బడి పోయినట్టే. బడి పోతే నేను ఉప్పునుంతల పోయి మా అన్న చేలో జొన్న కోయాలి. నాకు జొన్న కోయడం రాదు. మా అన్నకు ఆ సంగతి బాగా తెలుసు!

చెక్క: పాత తలుపు. బొగ్గు, దొండాకు పసరు పట్టించాను. చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి.

మొదటి వార్త: "బడికి కొత్త కుండ వచ్చింది. నీళ్లు చల్లగా ఉన్నాయి."

మా ఆవిడ అమృతమ్మ విని, "నువ్వు నిజమే చెప్తనంటె నాకు భయమైతున్నది" అంది. ఈవిడకు ఉత్సాహం అంటే ఏమిటో తెలియదు.

జూలై 2, మంగళవారం.

వార్త: "రాజన్న కూతురు నాగమణి పదహారో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పింది."

నాగమణికి పదేళ్లు. చెక్క చదివే పని దానికే ఇచ్చాను. దాని గొంతుకు వీధి చివర మగ్గం కూడా ఆగుతుంది. మాది నేతగాళ్ల వీధి. రాజన్న వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్నాడు. తన బిడ్డ పేరు విని కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంగోపారి సదువు బిడ్డా!"

చదివింది.

"ఇంగోపారి!"

నాలుగోసారికి పడుగు మీద గంజి ఎండి కట్టెలా బిగిసింది. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

ఈ రోజు కొత్తగా చేరినవాళ్లు: ముగ్గురు!!

జూలై 3, బుధవారం.

లేచేసరికి ఎండ. బడికి గంట ఆలస్యం. ఏ వార్త రాద్దామా అని సుద్ద పట్టుకున్నాను. వెనక నుంచి నాగమణి, "సారూ, నిజమే రాస్తనన్నవు గద" అంది.

వార్త: "పంతులు కురుమూర్తి ఈ రోజు గంట ఆలస్యంగా వచ్చాడు."

వీధంతా నవ్వింది. నవ్వనీ. ఇంకో నలుగురు పిల్లలు చేరారు, నన్ను చూడటానికి.

జూలై 4, గురువారం.

అయిజకు బండి తోలే కురుమయ్య ఎడ్లను ఆపి వార్త విన్నాడు. "అయిజల గూడ అడుగుతున్నరు సారూ, ఇయ్యాల చెక్క ఏమన్నది అని. చెక్క మీదున్నదంటె ఇగ తిరుగులేదంటున్నరు."

అయిజ దాకా! అద్దంలో నన్ను నేను చాలాసేపు చూసుకున్నాను.

జూలై 6, శనివారం.

వార్త: "వెంకటయ్య కొడుకు పలక పగలగొట్టి, మేక పగలగొట్టిందని చెప్పాడు."

సాయంత్రం 5. వెంకటయ్య వచ్చాడు. కులపెద్ద, చెయ్యి కూడా పెద్దదే. "ఊరి ముంగట నా కొడుకును గిట్ల రాస్తవా? పోరన్ని జూసి అందరు మే మే అంటున్నరు!"

"నిజమా కాదా?" అన్నాను. చేతిలో సుద్ద మాత్రం వదల్లేదు.

తలపాగా సర్దుకున్నాడు. "నిజమే" అని వెళ్లిపోయాడు. ఆహా! ఇదీ నిజం బలం.

జూలై 8, సోమవారం.

హాజరు: 31!!! ఇన్‌స్పెక్టర్ సాబ్ ఇప్పుడు రావాలి. ఇప్పుడే రావాలి!

జూలై 9, మంగళవారం.

బుజ్జమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. వాళ్లబ్బాయి పేరు ఇంకా చెక్క మీదకు రాలేదట.

"వాడు ఏమీ చేయలేదమ్మా."

"ఏం జేస్తె రాస్తవో చెప్పు. చేపిస్త."

"అలా చేయించకూడదు."

"గోడ మీదికెంచి దుంకుమందునా?"

భయపడి రేపు రాస్తానన్నాను.

జూలై 10, బుధవారం.

వార్త: "బుజ్జమ్మ కొడుకు ఈ రోజు ఏమీ పగలగొట్టలేదు." నిజమే కదా! బుజ్జమ్మ వీధంతా పుట్నాలు పంచింది. నాకు రెండు గుప్పిళ్లు. కొంచెం సిగ్గేసింది. పుట్నాలు బాగున్నాయి.

జూలై 11, గురువారం.

ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు. ఇద్దరి తండ్రులూ మల్లయుద్ధం చేసేవాళ్లు. ఆ సంగతి వదిలేసి కుండ గురించి రాశాను. రాయకపోవడం అబద్ధం కాదు. ఒట్టులో ఎక్కడా లేదు, పై పేజీ చూసుకున్నాను.

జూలై 13, శనివారం.

చిట్ఠీ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ 18వ తేదీ, గురువారం, పొద్దున పదింటికి వస్తున్నాడు. హాజరు 33. రానీ!

జూలై 14, ఆదివారం.

మార్కండేయ గారిని కాకి తన్నింది.

మార్కండేయ గారంటే బడికి జాగా ఇచ్చినాయన. డెబ్బై ఏళ్లు, ఒంటరి మనిషి. బడి ఒకప్పుడు ఆయన మగ్గాల కొట్టం. తాళంచెవి ఇప్పటికీ ఆయన మొలతాడుకే ఉంటుంది. పొద్దున పెరట్లో కూర్చుని నశ్యం పీలుస్తుంటే కాకి వచ్చి సరిగ్గా నెత్తి మీద తన్ని పోయిందట.

పాపం అనుకున్నాను. నాకేం సంబంధం?

జూలై 15, సోమవారం.

ఉదయం 8. నాకు సంబంధం ఉంది. మార్కండేయ గారు నా దగ్గరికి వచ్చాడు.

కాకి తన్నితే మరణగండం అంటారు. విరుగుడు ఏమిటంటే, చనిపోయాడని సొంతవాళ్లకు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఏడిస్తే గండం పోతుంది.

"పంపండి మరి" అన్నాను.

"ఎవరు నమ్ముతరు సారూ! రెండేండ్ల కింద కాకి తన్నె, కబురు పంపితి. పోయినేడు మల్ల తన్నె, మల్ల పంపితి. నా చెల్లె ఈదమ్మ అయిజలుంటది. పోయినేడు ఏడ్వనే లేదు. కబురు దెచ్చినోన్ని గూసబెట్టి సద్ది బెట్టి, 'మల్ల కాకేనా?' అని అడిగిందంట. ఆ గండం పోలే, ఇది దాని మీద ఇంగొకటి." నా సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు చెక్క మీద రాస్తె అది నమ్ముతది. నీ చెక్క అబద్ధం జెప్పదు."

లేచి నిలబడి, ఛాతీ విరిచి చెప్పాను: "ప్రాణం పోయినా రాయను!"

"పోయేది నాది గద సారూ" అన్నాడు.

మధ్యాహ్నం 2. బడిలో ఏదో చప్పుడు. మార్కండేయ గారు గడ్డపారతో మగ్గం గుంట, నేసేవాడు కాళ్లు దించి కూర్చునే గుంట, తవ్వుతున్నాడు. నాలుగో తరగతి కూర్చునే చోట! "చచ్చెలోపట ఆఖరి చీర నేస్త. నా కొట్టం నాకియ్యి."

సాయంత్రం 5. గుంట మోకాలి లోతు. మూడో తరగతి కూడా జరిగి కూర్చుంది.

జూలై 16, మంగళవారం.

రాశాను.

ఒక్కటే అబద్ధం. అబద్ధం కూడా కాదు, ఆచారం. ఆచారం కూడా కాదు, ఒక ముసలాయనకు వైద్యం. ఈదమ్మ ఏడవగానే తుడిచేస్తాను. జములమ్మ తల్లికి ఇవన్నీ తెలియవా?

వార్త: "మన బడికి జాగా ఇచ్చిన మార్కండేయ గారు స్వర్గస్థులైనారు."

నాగమణి సగం చదివి ఆగి నా వైపు చూసింది. నేను కుండలోకి చూశాను. కురుమయ్య బండి తలపాగా తీసి కన్నీళ్లు పెట్టుకుని అయిజ దారి పట్టింది. అంటే కురుమయ్య.

ఏడుపు అయ్యేదాకా ఆయన ఎవరికీ కనపడకూడదు. బడి వెనక మూల చాప అడ్డం కట్టి కూర్చోబెట్టాను. శవం ఏదని అడిగినవాళ్లకు, "చెల్లెలు వచ్చేదాకా చూపించొద్దన్నారు" అని చెప్పాను. రెండో అబద్ధం. ఇది చెక్క మీద రాయలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

జూలై 17, బుధవారం.

ఉదయం 9. హాజరు: 7.

ఏడు!!!

ఒక సంగతి మరిచాను. ఈ వీధిలో చాలామందిది మార్కండేయ గారి ఇంటిపేరే. మనిషి పోతే ఇంటిపేరు వాళ్లందరికీ పది రోజులు మైల. మైలలో మగ్గం ఎక్కరు. పిల్లలు పలక ముట్టరు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. వీధి ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

10 గంటలు. వెంకటయ్య కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "ఆయన బతికే ఉన్నాడు! కాకి తన్నింది, అంతే! పిల్లలను పంపండి!"

వెంకటయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "దుఃఖంల గట్లనే అనిపిస్తది సారూ. మా నాయిన పోయినప్పుడు నాకు గూడ అనిపిచ్చె."

"అబద్ధం రాశానయ్యా!"

"నువ్వా? నా కొడుకు ముచ్చట రాసినప్పుడు నన్ను జూసి గూడ భయపడకపోతివి. నువ్వు అబద్ధం రాస్తవా! పో, జర మజ్జిగ తాగి పండుకో."

11 గంటలు. బయటికి వచ్చి కనపడమంటే, చెల్లెలు ఏడ్చేదాకా రానన్నాడు మార్కండేయ గారు. చాప వెనకే నశ్యం పీల్చి తుమ్మాడు. పెద్ద తుమ్ము. నలుగురు పిల్లలు "దయ్యం!" అని పారిపోయారు.

హాజరు: 3.

అమృతమ్మ కొడవలి నూరుతోంది. "జొన్న కోతకు పనికొస్తది" అంటోంది.

జూలై 18, గురువారం.

సాయంత్రం రాస్తున్నాను. వరసగా రాస్తాను.

9:30. ఈదమ్మ బండి రాలేదు. బయట డప్పులవాళ్లు వచ్చారు, ఎవరు పిలిచారో తెలియదు.

10:00. ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చాడు. వీధి నిండా జనం. "ఏంది ఈ జల్సా? సభకు ఇజాజత్ ఉన్నదా?" అన్నాడు. లోపల ముగ్గురు పిల్లలు. మధ్యలో గుంట. ఆయన కలం తీశాడు. నాకు జొన్నచేను కనపడింది.

10:10. కురుమయ్య బండి. ఈదమ్మ దిగుతూనే నేల మీద పడింది.

"ఓ అన్నా! పోయినేడు నీ కబురొస్తె ఏడ్వకపోతినే! మల్ల కాకేనేమో అని ఇంట్ల గూసుంటినే! ఇగ ఎవరి మీద కోపం జేద్దునే అన్నా!"

ఇది గండం కోసం ఏడ్చే ఏడుపు కాదు. నేను రాసిన ఒక్క వరస కోసం ఈ ముసలమ్మ రాత్రంతా బండిలో ఏడుస్తూ వచ్చింది.

చాప కదిలింది. మార్కండేయ గారు బయటకు వచ్చాడు. ఆయన కూడా ఏడుస్తున్నాడు. "చాలు చెల్లే. ఇగ చాలు. గండం పోయింది."

ఈదమ్మ చూసింది. లేచింది. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు విసిరింది. అన్నకు తగల్లేదు. ఇన్‌స్పెక్టర్ సాబ్ టోపీకి తగిలింది.

చచ్చినాయన లేచాడన్న కేక వీధి చివరకు పోయింది. అంతే! అందరూ బడిలోకి దూరారు. కిటికీల మీద పిల్లలు, గుంటలో పిల్లలు, కుండ మీద పిల్లలు. కొత్త కుండ పగిలింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ గోడకు ఆనుకుని, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు.

తర్వాత చెక్క వైపు చూపించి, "గక్కడ ఏం రాసినవ్ పంతులూ?" అన్నాడు.

ఆయనకు తెలుగు చదవడం రాదు. కుండ గురించి రాశానని చెప్పొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది. ఈదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నన్నే చూస్తోంది.

"అబద్ధం రాశాను సాబ్" అన్నాను. కాకి దగ్గర నుంచి మొత్తం చెప్పాను.

ఆయన టోపీ సొట్ట సరిచేసుకున్నాడు. "పోయినేడు ఈ బడికీ వీధికీ సంబంధం లేదని రాసిన. గిప్పుడు గా మాట రాస్తె నాది గూడ అబద్ధమైతది." ఇంకో ఏడాది ఇజాజత్ రాసి, ఎవరైనా ఇంకేదైనా విసిరేలోపు వెళ్లిపోయాడు.

గెలిచాననుకున్నాను. అప్పుడు వెంకటయ్య ముందుకొచ్చాడు. "అంటె నువ్వు గూడ అబద్ధం రాస్తవన్నమాట. అయితె నా కొడుకు పలక నిజంగ మేకనే పగలగొట్టింది!"

"అవు గద!" అన్నారందరూ. రాజన్న మాత్రం నాగమణి వైపు తిరిగి మెల్లగా, "పదహారో ఎక్కం వచ్చు గద బిడ్డా?" అని అడిగాడు.

అది నన్ను చూడకుండా అప్పజెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

జూలై 19, శుక్రవారం. సెలవు.

చెక్క పొయ్యిలో పెడదామని ఇంటికి తెచ్చాను. ఇక వార్తల్లేవు, ఒట్టుల్లేవు.

మార్కండేయ గారు వచ్చాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా ముందు పెట్టాడు. గుంట పూడ్చేశాడట.

"చెక్కనెందుకు ఇంటికి దెచ్చినవ్ సారూ?"

"ఎవరు నమ్ముతారు ఇక?"

నశ్యం డబ్బీ తీసి, పీల్చకుండానే మూసేశాడు. "పొద్దుగాల ఈదమ్మ బండెక్కుకుంట ఏమన్నదో ఎర్కనా? ఇగ ఏ కబురొచ్చినా రానన్నది. నేను నిజంగ పోయిన్నాడు ఎట్ల సారూ? అది రావాలె గద. నువ్వు రాసినప్పుడు అది నమ్మాలె గద." లేచి నిలబడ్డాడు. "అప్పటిదాక జర నిజం రాస్కుంట ఉండు. నేను తొందర పడ."

అమృతమ్మ కొడవలి పక్కన పెట్టింది. చెక్క తీసుకుని, దొండాకు దంచడం మొదలుపెట్టింది.

జూలై 20, శనివారం.

ఉదయం 6. తలస్నానం. జములమ్మ తల్లికి దండం. ఒట్టు. నలభై రోజులు చాలవు. ఎన్ని రోజులో రాయడం లేదు.

వార్త: "మార్కండేయ గారు బతికే ఉన్నారు."

నాగమణి చదివింది. వీధిలో గంజి పెడుతున్నవాళ్లు కుంచెలు ఆపలేదు. రాజన్న ఒక్కడే తలెత్తి అడిగాడు: "ఎవరన్న సూసిండ్రా?"

నేను చెయ్యెత్తాను. చెక్క కిందే అరుగు మీద కూర్చున్న మార్కండేయ గారు కూడా చెయ్యెత్తాడు.

మొదటి రోజు. నమ్మినవాళ్లు: ఇద్దరం.