నీలం దారం వెలిసిన సంగతి

ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి, అందరిచేతా దారాలమ్మ అనిపించుకున్న మీ అమ్మను, డెబ్బై ఎనిమిదేళ్లదాన్ని, నీ తమ్ముడి ఇంట్లో ముందుగదిలో కూర్చుని, పెద్దమ్మాయివైన నీకు ఆశీస్సులతో రాయిస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. నా మోకాళ్ల సంగతి అడిగావు, వాటి దారి వాటిదే. ఈ రాత పక్కింటి నర్సమ్మది, మాట నాది.

తల్లీ, ప్రొఫెసరు ఉద్యోగానికి నీ చదువూ అనుభవమూ వరుసగా రాసిమ్మన్నారనీ, లాండ్రీలో నా పద్ధతిని నువ్వు పరిశీలించింది ఏ ఏడాదో గుర్తు చేయమనీ రాశావు. నీ జాబితా తమ్ముడు చదివి వినిపించాడు. అకౌంట్స్‌లో ఎం.కాం., ఆడిట్ ఆఫీసులో నాలుగేళ్లు, మేనేజ్‌మెంట్‌లో డాక్టరేట్, పద్నాలుగేళ్లుగా పాఠాలు. "ఇంత చదివి ఆ ఏడాది మరిచిపోయిందేమిట్రా?" అన్నాను. "నువ్వుండగా అక్కకెందుకు గుర్తుండాలి?" అన్నాడు. వాడికి నోరెక్కువ. వాడి పెద్దకొడుకు పుట్టిన ఏడాది అది, చలికాలం మూడు నెలలు.

అప్పుడు నువ్వు నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేదానివి. వార్డుకో రంగు దారం దుప్పటి మూలన కుట్టేదాన్ని. పిల్లల వార్డుకు నీలం, అంటురోగాల వార్డుకు బూడిదరంగు. పది దుప్పట్లకో ముడి. అక్షరం ముక్క రానివాళ్ల చేతుల్లో ఒక్క దుప్పటి కూడా దారి తప్పలేదని రాసి డాక్టరేట్ తెచ్చుకున్నావు. ఇప్పుడు మరో ఆసుపత్రివాళ్లు ఆ పద్ధతే పెట్టుకోబోతున్నారని సంబరంగా రాశావు. ఆ ముక్క విన్నప్పటినుంచి నాకు తిండి సహించడం లేదు.

దారి తప్పాయే. ఏడు దుప్పట్లు తప్పాయి.

రెండో నెలలో పిల్లల వార్డు కట్టలో ఏడు తక్కువొచ్చాయి. అప్పుడు నువ్వు టీకి వెళ్లావు. మర్నాడు పొద్దున్నే మనింటి తెల్ల దుప్పట్లకు నీలం దారం కుట్టి తెచ్చి కట్టలో దూర్చాను. మనవి చిరిగిపోయాయని చెప్పి ఆ చలికాలమంతా మీకు నా చీరలు కప్పాను. ఆడిట్ చేసినదానివి, ఆ చిరుగులేవో చూపించమని ఒక్కసారి అడిగావా?

"ఇది వద్దు పెద్దమ్మా, పిల్ల ఉద్యోగం పోతుంది" అని నర్సమ్మ కలం కింద పెట్టింది. "ఊరందరికీ సూదులు పొడిచినప్పుడు లేని భయం ఇప్పుడెందుకు? రాయి" అన్నాను.

నువ్వు చేస్తున్నది పరీక్ష అనుకున్నాను. లెక్క తప్పితే నీకు మార్కులు పోతాయనుకున్నాను. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. ఇదీ పూర్తి నిజం కాదు. నా పద్ధతి తప్పిందని నా కూతురే రాసుకుంటుంటే చూడలేకపోయాను.

నువ్వు వెళ్లిన నెలకు ఆ ఏడూ అంటురోగాల వార్డు కట్టలో దొరికాయి. మరిగే నీళ్లలో, బ్లీచింగులో నీలం వెలిసి బూడిదరంగుకు తిరిగింది. అవే మళ్లీ పసిపిల్లల మంచాలకు వెళ్లుంటే? వాటిని తగలబెట్టించాను. ఆనాటినుంచి రంగును నమ్మక, పిల్లల దుప్పట్లకు అడ్డంగా రెండు కుట్లు వేశాను. నీకు చెప్పలేదు. నీ పుస్తకంలో ఇంకా నీలమే ఉంది. ఆ కొత్త ఆసుపత్రివాళ్లు అది చూసే కుడతారు.

ముందు ఆ ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. ఇంటర్వ్యూలో వాళ్లు అడక్కముందే ఈ ఉత్తరం వాళ్ల ముందు పెట్టు. ఉద్యోగం ఇవ్వకపోవచ్చు. డాక్టరేట్ మీదికే వస్తుందేమో, నాకు తెలియదు. నన్ను తిట్టు, పడతాను. ఒక్కటి మాత్రం వినాలి. మెచ్చుకున్నచోట నన్ను "ఒక కార్మికురాలు" అని రాశావట, ఊరుకున్నాను. ఈ తప్పు దగ్గర మాత్రం "మా అమ్మ" అని రాయి.

ఇట్లు,
మీ అమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
పక్కింటి నర్సమ్మ, ఇప్పటికీ వద్దంటూనే రాసినది.
లాండ్రీ ఇస్త్రీ పెద్దాయన, ఆ ఏడు దుప్పట్లూ తగలబెట్టినవాడు.