తాత నడిచిన హద్దు

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు

విషయం: దొంతిరాయిపల్లి హద్దుల సర్వేలో మా వాడ నలభై రెండు ఇండ్లు ఏ పరిధిలోనూ లేకుండా పోయినందున, తిరిగి కొలిపించుట గురించి.

అయ్యా,

ఒక కాగితం మీద సంతకం చేయనందుకు, హైదరాబాదుకు వచ్చి నాకు మా వాడంటే నామోషీ పుట్టిందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నిన్న చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఉండగా మా నాయన జగదీశ్వర్ ఫోన్ చేసి, "నీకు అశోక్‌నగర్ల కిరాయి మంచమన్న ఉంది. మాకు వాడ తప్ప ఏముందే? ఒక్క సంతకానికి గింత పరేషాన్ చేస్తవా?" అన్నాడు. జవాబు చెప్పేలోపే పెట్టేసినాడు. ఆయనకు చెప్పలేనిది తమకు మనవి చేసుకుంటున్నాను.

1. ఉత్తర్వు ప్రకారం మా ఊరి ఇండ్ల భాగం కొత్త మున్సిపాలిటీకి, పొలాలు పక్క పంచాయతీకి పోయినవి. ఇండ్ల హద్దు తేల్చుటకు వచ్చిన సర్వేయరు హద్దు తెలిసిన పెద్దమనిషి ఎవరని అడుగగా, అందరూ మా తాత ఓదెలును చూపించినారు. ఊరి నడుమ పాతిన బొడ్రాయికి పండుగ చేసినప్పుడు, బలి అన్నం గంప నెత్తిన పెట్టుకొని ఊరి చుట్టూ ఆ పొలి చల్లేది మా ఇంటివాళ్లే. తాత తన తండ్రి వెనక నడిచి నేర్చుకున్న దారి అది.

2. తాత ముందు, మిషను పట్టుకొని సర్వేయరు వెనక నడిచినారు. పొలి దారి మా వాడ దాకా రాదు, వాగు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. తాత కూడా అక్కడే తిరిగినాడు. ఆ విధముగా ఎనభై ఒక్క ఏండ్ల మనిషి తన ఇంటిని తానే ఊరి బయట పెట్టి వచ్చినాడు. మన ఇండ్లు ఎందుకు చూపియ్యలేదు తాతా అని అడిగితే, "ఊరు కట్టిననాడు బొడ్రాయికి గుంత తవ్వింది మనోళ్లే బిడ్డా. తవ్వినంక బయట నిలవడుమన్నరు, నిలవడ్డరు. మనం లోపల ఉన్నమని ఎన్నడన్న ఎవరన్న చెప్పిన్రా?" అన్నాడు.

3. మా నాయనమ్మ సమ్మక్క మొన్న వానకాలంలో చనిపోయింది. మరణ ధ్రువీకరణకు పోతే, మున్సిపాలిటీలో తమ గీత వాడకు ఇవతలే ఆగిందన్నారు. పంచాయతీ కార్యదర్శి, "మాకు పొలాలిచ్చిన్రు అక్కా, ఇండ్లియ్యలే. పొలంల సచ్చిపోయిందని రాసియ్యరాదు?" అన్నాడు. ఆమె మంచంలో చనిపోయింది. నాలుగు నెలలుగా కాగితాల్లో బతికే ఉంది. పరీక్ష కోసం స్థానిక సంస్థల చట్టాలన్నీ బట్టీపట్టినాను. మా నాయనమ్మ వాటిలో ఏ సెక్షను కింద చనిపోయిందో నాకు దొరకలేదు.

4. ఒక గుమస్తా గారు తేలిక మార్గం చెప్పినారు. ఓదెలు మతిస్థిమితం లేక తప్పు హద్దు చూపినాడని ఇంటివాళ్లందరూ రాసిస్తే, తిరిగి కొలుస్తారట. నాయన సంతకం పెట్టినాడు. తాత తానే బొటనవేలు ముందుకు చాచి, "పిచ్చోడని రాస్తే పోయేదేముంది, ఇండ్లు లోపలికొస్తయి" అన్నాడు. ఇక నా సంతకమే మిగిలింది.

అయ్యా, తాత తప్పు నడవలేదు. ఆయనకు ముందే ఎవరో గీసిన దారిలో అడుగు తప్పకుండా నడిచినాడు. హద్దు చూపిన రోజు నుంచి గడప దాటడం లేదు. వాడలో పిల్లలు కూడా, "తాతా, మా ఇల్లు యాడ పారేసినవ్?" అని అడుగుతున్నారు.

వచ్చే నెల పదిహేడున బొడ్రాయి పండుగ. ఆ రోజు సర్వేయరును మిషనుతో సహా పంపించవలెను. ఇంతవరకు రాసినది చిత్తగించి ఆ ఒక్కటి చేయుదురని కోరుతూ,

ఏ హద్దులోనూ లేని తమ విధేయురాలు,
భాగ్యశ్రీ, ఎం.ఏ.
అశోక్‌నగర్, హైదరాబాదు
(హాస్టల్ చిరునామా. ఊరి చిరునామా పైన మనవి చేసిన కారణాన రాయలేదు.)

తా.క.: ఆ కాగితం మీద సంతకం చేయను. తాతకు మోకాళ్లు పట్టేసినవి కనుక ఈసారి పొలి గంప నేను ఎత్తుకుంటున్నాను. ఆడపిల్ల ఎత్తుకోరాదని అప్పుడే కబురు పంపినారు. వాగు దగ్గర వెనక్కి తిరగను. మా వాడ చివరి ఇంటికి అవతలి నుంచి నడుస్తాను.