తలుపు మీద గీత

మంగళవారం, రాత్రి

కంచిలి నుంచి బావ తన కొత్త కారును పలాసలోని నా పెయింటింగ్ షెడ్డుకు తెచ్చాడు. తన జీడితోటలో పనిచేసే ఆవిడ జీడిపిక్కల బుట్ట తగిలి తలుపు మీద గీత పడిందట.

"సెంప మీద ఒక్కటి కొట్టీసినాన్రా," అన్నాడు నవ్వుతూ.

ఆ గీత రంగు దాకా దిగనే లేదు. రంగు మీద వేసే మెరుపు పూత, క్లియర్ కోట్ మీదే ఉంది. పాలిష్ రాసి గుడ్డతో రుద్దితే పోయింది. దీనికా ఆవిడను కొట్టాడు!

"ఇంకెప్పుడూ నా షెడ్డుకి రాకు బావా," అన్నాను.

"కూలిదాని కోసమేట్రా?" అని చీదరించుకుని వెళ్లిపోయాడు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, బావ నిన్ను కూడా కొడతన్నాడేటి?"

"అన్నం తిన్నావేట్రా?" అంది అక్క.

రేపు పొద్దున్నే కంచిలి వెళ్తాను. వెళ్లి ఏం మాట్లాడాలో...