ముందు వరుసలో చాముండేశ్వరి ఆంటీ

ఫిబ్రవరి 9, 2025. రెజైనా, కెనడా

చాముండేశ్వరి ఆంటీ వాళ్ళింట్లో నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఖాళీ చేశాను. బయట మైనస్ ముప్పై. ఆవిడకి బంధువులు వస్తున్నారట. అసలు కారణం ఇద్దరికీ తెలుసు. పోయిన వారం మాది ఏ ఊరని అడిగింది. ఊళ్ళో ఎటువైపని అడిగింది. చెప్పాను. మర్నాడు నా గిన్నెలు గార్బేజ్ బ్యాగులో కట్టి మెట్ల మీద పెట్టింది. పై కిచెన్‌లోకి రావద్దంది.

ఫిబ్రవరి 16

క్లాస్‌మేట్ ప్రియ వాళ్ళ సోఫా మీద ఉంటున్నాను.

మార్చి 2

ప్రియ నన్ను కేశవరావు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. రిటైర్డ్ ప్రొఫెసర్. ఇక్కడి తెలుగువాళ్ళకు పెద్దదిక్కు. ఇరవై ఒకటిన వివక్ష మీద సభలో మాట్లాడతారట. అంతా చెప్పాను. కులం పేరు మాత్రం చెప్పలేదు. ఆయనే అర్థం చేసుకుని తల ఊపారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా పేరు రానివ్వననీ, కానీ ఇది ఊరంతా వినాలనీ అన్నారు. ఉద్యోగానికి రిఫరెన్స్ కూడా ఇస్తానన్నారు.

మార్చి 21, సాయంత్రం

హాలు నిండిపోయింది. నేను ఆయనతో అన్న మాటతోనే మొదలుపెట్టారు. తాళం మీ చేతిలో ఉంది, చలి మా ఒంట్లో ఉంది. ఇంగ్లీషులో ఇంకా బాగుంది. తర్వాత బేస్‌మెంట్ వచ్చింది. మంచు వచ్చింది. మెట్ల మీద గిన్నెలు వచ్చాయి. ఓనర్ వచ్చాడు.

తెల్లవాడు. మన కూరల వాసన గిట్టని తెల్లవాడు.

కులం రాలేదు.

జనం లేచి నిలబడి చప్పట్లు. ముందు వరుసలో చాముండేశ్వరి ఆంటీ. అందరికంటే ముందు లేచింది. ఏడుస్తోంది. నిజంగానే ఏడుస్తోంది.

మార్చి 23

ఆ ప్రసంగం వీడియో లక్షలమంది చూశారు. గుంటూరు నుంచి అమ్మ నాకే ఫార్వర్డ్ చేసింది. ఎవరి బిడ్డో పాపం అని రాసింది.

మార్చి 24

కేశవరావు గారింటికి వెళ్ళాను. ఆ తెల్లవాడెవరు సార్ అని అడిగాను. సింబాలిక్ అన్నారు.

"రేసిజం అంటే వీళ్ళకి ఒక్క ముక్కలో అర్థమవుతుందమ్మా. కులమంటే మొదట్నుంచీ చెప్పుకురావాలి. పైగా మన పరువు మనమే తీసుకోవడమెందుకు?"

మన. ఆ మాటలో నన్నెప్పుడు చేర్చుకున్నారో తెలియలేదు. గిన్నెలు బయటపెట్టిన రోజు మాత్రం నేనందులో లేను.

మార్చి 27

ప్రియ నా నంబర్ ఒక రిపోర్టర్‌కి ఇచ్చింది. ఆవిడ ఫోన్ చేసి ఆ తెల్ల ఓనర్ పేరు అడిగింది. రేపు కలుద్దామన్నాను. ఆ సంగతి కేశవరావు గారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. వెనకనుంచి చెప్పడం నాకు చేతకాదు. ఆయన రిఫరెన్స్ కోసం ఇంకెవరినైనా చూసుకొమ్మన్నారు. మెత్తగా. చివర్లో అమ్మా అని కూడా అన్నారు.

మార్చి 28

కాఫీ షాపులో అంతా చెప్పాను. రిపోర్టర్ పెన్ను ఆపి, నా కులం పేరుకి స్పెల్లింగ్ అడిగింది. ఎం, ఏ, ఎల్, ఏ అన్నాను. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.