అవసరం లేని కాంపులు

ఇందుకూరుపేట,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కయ్యకు తమ్ముడు ప్రసాదరావు నమస్కారాలు.

దేవుని దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారి కంట్లో మందు మానకుండా వేస్తున్నావా? వారం వారం రాస్తానని మాటిచ్చి నెల దాటించాను. కోప్పడకు. నిజంగా బాగానే ఉన్నాను.

కాకినాడలో వానలు వెనకబట్టాక ఇక్కడ మొదలవుతాయి. సముద్రపు గాలికి బట్టలు ఆరవు, అగ్గిపుల్ల వెలగదు. భోజనం హోటల్లో. అంగట్లో జనం వీశెల్లో అడుగుతారు, కొట్టువాడు కిలోల్లో ఇస్తాడు, రోజూ తగువే. నీ పచ్చడి సీసా రైల్లోనే పగిలింది. మళ్ళీ పంపకు. నా పాత కళ్ళజోడు అలమరలో ఉంటే మాత్రం పంపు. ఆ టీచరమ్మగారి సంబంధం మాట ఇక ఎత్తకు. వాళ్ళకు నొప్పి కలగకుండా చెప్పెయ్యి.

నెలలో ఇన్ని రోజులు కాంపుల్లో ఎందుకుంటున్నావని అడిగావు. ఉద్యోగం అలాంటిదని జవాబు రాశాను. అది పూర్తి నిజం కాదు.

మా పని మశూచి టీకాలు. జీపులో ముగ్గురం వెళతాం: నేను, డ్రైవరు మస్తాన్, నర్సు శాంతమ్మగారు. పల్లెల్లో ఆడవాళ్ళు మగవాడికి చెయ్యి చాపరు కాబట్టి ఆమె లేనిదే పని జరగదు. దూరపు ఊళ్ళయితే రెండు మూడు రోజులు అక్కడే మకాం. నేను, మస్తాన్ ఊరి బడిలో పడుకుంటాం. ఆమె ఎవరైనా ముసలమ్మ ఇంట్లో ఉంటుంది. ఆమెతో కలిసి ఎన్నడూ భోంచెయ్యలేదు. సొంత సంగతులు అడగలేదు. మర్యాద అంటే అదేననుకున్నాను.

ఎనిమిది రోజుల కిందట నెల్లూరులో మా పెద్ద డాక్టరుగారు పిలిపించారు. నా మీద, శాంతమ్మగారి మీద ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందట. "పని లేకపోయినా కాంపులు వేస్తున్నారు, ఎందుకో ఊరందరికీ తెలుసు" అని అందులో ఉంది. ఆయన మంచివారే. "మీ మీద నాకు అనుమానం లేదు. కానీ నోళ్ళు మూయించాలి గదా. ఆమెను ఉదయగిరి వైపు మార్చేద్దాం. ఆమె ఉంటే పనికి ఇబ్బందిగా ఉందని మీరొక ముక్క రాసివ్వండి, చాలు" అన్నారు. వారం గడువిచ్చారు.

రాసిస్తే నా పేరు నిలుస్తుంది. శాంతమ్మగారి తల్లి పక్షవాతంతో ఇక్కడే మంచం పట్టి ఉంది. అంత దూరం ఉదయగిరి వేస్తే ఆమె ఉద్యోగమైనా మానాలి, తల్లినైనా వదలాలి.

మర్నాడు మైపాడు కాంపుకు వెళ్ళాం. రెండు రోజులుండి తిరిగి వస్తూ విషయం చెప్పాను. ముందుగా మస్తాన్ అందుకున్నాడు.

"జీపులో నేనూ ఉండాను గదా సార్! ఆకాశరామన్నకి నేను కనపళ్ళేదా? ఇంత లావున్నానే!"

శాంతమ్మగారు నవ్వింది.

"ఒకటి చెప్పేదా సార్?" అంది. "మీరు నన్ను పల్లెత్తు మాట అన్లేదు. గౌరవంగానే చూసినారు. కానీ ఇన్ని కాంపులు ఎందుకు సార్? ఈ మైపాడులో అందరికీ టీకాలేసి నెల కాలేదు. మళ్ళా ఇప్పుడు రెండు దినాలుండి, వేసిన చేతుల్నే చూసొచ్చినాం. నేను లేనప్పుడు మా అమ్మకి పక్కింటోళ్ళు గంజి పోస్తా ఉండారు. మీకు ఇంటికి పోవాలని ఉండదు. నాకుంటది."

"శాంతమ్మక్కా!" అన్నాడు మస్తాన్, ఆపమన్నట్టు.

"ఉండు మస్తానూ. ఆ ఉత్తరం రాసినోడు అబద్ధం రాసినాడు. కానీ పని లేకుండా పోతన్నామన్న మాట మాత్రం నిజమే గదా?"

ఇంటికి వచ్చి టూరు డైరీ తీశాను. సగానికి పైగా కాంపులకు కారణం నా దస్తూరీలోనే ఉంది: "తిరిగి పరిశీలన". ఏం పరిశీలించానో నాకే గుర్తు లేదు.

అక్కయ్యా, సుగుణ వస్తువుల మధ్య ఉండలేక అడిగి మరీ ఇంత దూరం బదిలీ చేయించుకున్నాను. ఇక్కడ ఆమెవి ఏవీ లేవు. అదీ కూర్చోనివ్వదు. తాళం తీసి లోపలికి వెళ్ళిన పది నిమిషాలకు రేపు ఏ ఊరు వెళ్ళాలా అని మ్యాపు పరుస్తాను. నేను వెళ్ళడం అంటే నాతో ఇద్దరు వెళ్ళడమని తోచలేదు. అనుమానం రావడానికి సందు ఇచ్చింది నేను. పోగొట్టుకోవలసింది శాంతమ్మగారు.

గడువు నిన్నటితో అయింది. రాసిచ్చాను. పెద్ద డాక్టరుగారు అడిగిన ముక్క కాదు. నర్సు పనిలో, నడతలో లోపం లేదని, ఆమెను మార్చడానికి కారణం లేదని రాశాను. అవసరం లేని కాంపులన్నీ నేను వేసినవేనని, ఎవరినైనా మార్చాలంటే నన్నే మార్చమని రాశాను. ఎందుకు వేశారని అడుగుతారు కాబట్టి అదీ రాశాను: నా భార్య చనిపోయింది, ఇంట్లో ఉండలేకపోయాను. ఇంగ్లీషులో రాయడం వల్ల చెయ్యి ఆగలేదు. తెలుగులో రాయడం ఇదే మొదటిసారి.

ఏం చేస్తారో తెలియదు. నా సర్వీసు పుస్తకంలో మచ్చ పడవచ్చు. ఈ సంగతి అమ్మకు చదివి వినిపించకు. బావగారికి చెప్పు.

మైపాడు తర్వాత మళ్ళీ కాంపు వెయ్యలేదు. నాలుగు రోజులుగా సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాను. వరండాలో లెక్కలేనన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతున్నాను. నిన్న స్టవ్ కొని అన్నం వండుకున్నాను. అడుగంటింది. తిన్నాను.

అమ్మకు, బావగారికి నా నమస్కారాలు. మీ ప్రార్థనల్లో నన్ను తలచుకోండి.

నీ తమ్ముడు,
ప్రసాదరావు